చామనఛాయ మీద జబ్బు మేకప్: ఆల్కహాల్ పాలెట్ రివ్యూ

సూటిగా చెప్పేస్తాను. ఆరోగ్యంగా ఉన్న నటుణ్ణి, కెమెరా ఎంత దగ్గరకొచ్చినా సరే, జబ్బుమనిషిగా నమ్మించాలంటే ఆల్కహాల్‌తో కరిగించి వాడే రంగుల పాలెట్‌కి సాటివచ్చేది నా మేకప్ పెట్టెలో ఇంకోటి లేదు. కానీ కొన్న వెంటనే అందులో ఉన్న రంగుల్ని ఉన్నవి ఉన్నట్టే తీసి పూసేస్తే, అందులోనూ చామనఛాయ మీదో నల్లటి ఒంటి మీదో పూస్తే, జబ్బు కనబడదు, రంగే కనబడుతుంది. ఈ రెండో సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు, ఎందుకంటే దొరికే డెమో వీడియోల్లో ఎక్కువ భాగం తెల్లటి చర్మం మీద చేసినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను షార్ట్ ఫిల్ములకీ నాటకాలకీ మేకప్ చేస్తాను, మధ్యమధ్యలో నర్సింగ్ విద్యార్థుల ప్రాక్టికల్ శిక్షణ కోసం ‘రోగుల్ని’ కూడా తయారుచేస్తాను. ఈ రెండో పని చాలామందికి తెలియదు. నటుడికి ఒక జబ్బు లక్షణాలన్నీ నేర్పి, రోగిలా కూర్చోబెట్టి, వైద్య విద్యార్థుల చేత పరీక్ష చేయించే పద్ధతిని 1963లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు అమెరికాలో మొదలుపెట్టారు, ఇప్పుడది చాలా దేశాల్లో వైద్య విద్యలో భాగం. సినిమాలో రంగు కాస్త అటూ ఇటూ అయితే ప్రేక్షకుడు క్షమించేస్తాడు. శిక్షణలో అలా కుదరదు. నేను పెదాలకి తప్పు రంగు వేస్తే, రేపు ఆ నర్సింగ్ విద్యార్థిని వార్డులో నిజమైన రోగి పెదాల్లో అదే తప్పు రంగు కోసం వెతుకుతుంది. ఈ పాలెట్‌ని నేను ఆ లెక్కలోనే చూశాను.

ముందు ఈ వస్తువేంటో చెప్పాలి. చూడ్డానికి మామూలు వాటర్ కలర్ డబ్బాలాగే ఉంటుంది, గట్టిపడిన చిన్న చిన్న రంగుబిళ్ళలు వరసగా ఉంటాయి. బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో, ఎక్కువగా 99 శాతానిదే వాడతాం, ముంచి బిళ్ళ మీద తిప్పితే రంగు కరిగి వస్తుంది. చర్మం మీద పెట్టగానే ఆల్కహాల్ ఎగిరిపోయి రంగు అతుక్కుంటుంది. ఇక చెమటకీ నీళ్ళకీ కదలదు, ఎదుటివాళ్ళ బట్టలకి అంటదు. ఈ రకానికి పేరు తెచ్చింది మేకప్ ఆర్టిస్ట్ కెన్నీ మైయర్స్ తయారుచేసిన స్కిన్ ఇల్యుస్ట్రేటర్, తర్వాత చాలా కంపెనీలు అదే దారిలో వచ్చాయి. నేను వాడుతున్న పాలెట్ కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు, జబ్బు పాలెట్ అని ఎవరు అమ్మినా అందులో ఉండే రంగులు దాదాపు ఇవే: పసుపు, ఆలివ్ ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, వంకాయ రంగు, నీలం కలిసిన బూడిద, దంతపు తెలుపు, ముదురు గోధుమ. కింద రాసే మంచీచెడూ ఈ రకం మొత్తానికీ వర్తిస్తాయి.

దీని గొప్పతనమంతా పలచదనంలో ఉంది. చర్మం అనేది గోడలా ఒకే రంగు పొర కాదు. లోపల నెత్తురుంది, నరాలున్నాయి, పైన మచ్చలున్నాయి, చెంప ఒక రంగు, ముక్కు పక్కన ఒక రంగు, కంటి కింద ఇంకో రంగు. జబ్బు చేసినప్పుడు మారేది ఆ లోపలి రంగులు, పైనున్న చర్మం అలాగే ఉంటుంది. క్రీమ్ చక్రాలతో, అంటే ఎరుపూ పసుపూ ఊదా ముక్కలుగా ఉండే ఆ గుండ్రటి డబ్బాలతో, ఎంత జాగ్రత్తగా చేసినా ఒక పూత పడుతుంది, ఆ పూత కింద అసలు చర్మం దాక్కుంటుంది. పైగా క్రీమ్ దానంతటది ఆరదు, పౌడర్ వేసి నిలబెట్టాలి. పౌడర్ వేసిన మరుక్షణం చర్మానికి ఉండే సహజమైన తడి మెరుపు చచ్చిపోతుంది. జ్వరంతో ఉన్నవాడి ముఖం పౌడర్ కొట్టినట్టు ఉంటుందా ఎక్కడైనా? ఆల్కహాల్ రంగుని బాగా పలచన చేసి పొర మీద పొర వేసుకుంటూ పోతే కింద చర్మం రంధ్రాలతో సహా కనిపిస్తూనే ఉంటుంది. దూరంగా కూర్చున్న ప్రేక్షకులకే అయితే క్రీమ్ చక్రం చాలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడక్కర్లేదు, స్టేజీకి నేనింకా అదే వాడతాను. కెమెరాకి మాత్రం తేడా మొదటి క్లోజప్‌లోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాలిపోవడం.

రక్తహీనతో, విపరీతమైన నీరసమో చూపించాలంటే చాలామంది ముందు చేసే పని తెల్లటి ఫౌండేషన్ తీసుకోవడం. పాలెట్‌లో దంతపు తెలుపు ఉండటం కూడా ఆ పనికే అనిపిస్తుంది. తెల్లటి చర్మం మీద అది కొంతవరకు నడుస్తుంది. చామనఛాయ మీద ఆ తెలుపు వేశామంటే మనిషి దెయ్యం వేషం వేసినట్టు ఉంటాడు, సుద్దపొడి రాలినట్టు చర్మం మీద బూడిద పట్టేస్తుంది. నిజానికి పాలిపోవడమంటే తెల్లబడటం కాదు. చర్మంలో నెత్తురు ఇచ్చే ఎరుపు తగ్గిపోవడం. ఎరుపు తగ్గితే తెల్లటి మనిషి తెల్లగా కనబడతాడు, చామనఛాయ మనిషి పసుపు కలిసిన గోధుమ రంగులోకి వెళ్తాడు, నల్లటి మనిషి బూడిద రంగులోకి వెళ్తాడు. అందుకే డాక్టర్లు ముఖం రంగు చూసి తేల్చేయరు. కింది రెప్ప లాగి లోపల చూస్తారు, పెదాలు, నాలుక, గోళ్ళు, అరచేయి చూస్తారు, ఎందుకంటే ఆ చోట్ల మనిషి రంగు ఏదైనా నెత్తురు ఎరుపు నేరుగా కనిపిస్తుంది.

మేకప్‌లో కూడా దారి అదే. ఈ పాలెట్‌లో నాకు అన్నిటికన్నా విలువైన బిళ్ళ ఆలివ్ ఆకుపచ్చ. ఎరుపుని చంపేది ఆకుపచ్చే. దాన్ని ఆల్కహాల్‌లో నీళ్ళలా పలచన చేసి, మొదట చెంపల మధ్యలో, చెవి తమ్మెల మీద, ముక్కు కొసన, పెదాల మీద ఒక్క పొర వేస్తాను. అంతే. ఆ ఒక్క పొరకే మనిషి ‘ఏంట్రా అలా ఉన్నావ్, ఒంట్లో బాలేదా’ అని అడిగించుకునేలా అవుతాడు. తర్వాత కావాలంటే పెదాలకి కొంచెం గోధుమ, గోళ్ళ అడుగున కొంచెం దంతపు తెలుపు. ఆ తెలుపుకి నేను చూసిన సరైన చోటు గోళ్ళే, ముఖం కాదు. అరచేతి గీతలు కూడా మర్చిపోకూడదు, నటుడు దండం పెట్టినా, గ్లాసు పట్టుకున్నా అరచెయ్యి ఫ్రేములోకి వచ్చేస్తుంది.

పాలెట్ తయారుచేసేవాళ్ళు ఆలివ్‌కి ఇంకా పెద్ద బిళ్ళ ఇచ్చి, తెలుపుని సగం చేస్తే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. ఈ సమస్య మేకప్‌తోనే ఆగలేదు, వైద్యంలోనూ ఉంది. రోగ లక్షణాల ఫొటోలు ఎక్కువగా తెల్లటి చర్మానివే ఉంటున్నాయని, నల్లటి, గోధుమ రంగు చర్మం మీద అవే లక్షణాలు ఎలా కనిపిస్తాయో చూపిస్తూ, లండన్‌లోని సెయింట్ జార్జెస్ యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూనే మలోన్ ముక్వెండే 2020లో తన అధ్యాపకులతో కలిసి ఒక చేతిపుస్తకం తెచ్చాడు. జబ్బు మేకప్ చేసే ప్రతి ఒక్కరూ అలాంటి ఫొటోలు ముందేసుకుని పని మొదలుపెట్టాలి. వేరే మేకప్ ఆర్టిస్టు చేసిన పనిని చూసి కాపీ కొడితే, వాళ్ళ తప్పులు కూడా మన ముఖాల మీదకి వచ్చేస్తాయి.

ఎరుపు సంగతి కూడా ఇలాంటిదే. జ్వరం, దద్దుర్లు, వాపు, ఏదైనా సరే డబ్బాలో ఉన్న ఇటుక ఎరుపు తెల్లటి చర్మం మీద చక్కగా కూర్చుంటుంది. ఛాయ తగ్గేకొద్దీ అది పైన తేలిపోతుంది, కుంకుమ అంటినట్టు. దానికి వంకాయ రంగు కలిపి మరూన్ వైపు తీసుకెళ్తేనే అది చర్మం లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఎంత కలపాలి అంటే కొలత చెప్పలేను, నటుడి దవడ కింద ఒక చుక్క పెట్టి చూసుకోవాలి. కంటి కింద నలుపుకి కూడా ఇదే మిశ్రమం, కానీ కంటికి దగ్గరగా ఉన్నచోట క్రీమ్ రంగులతో. నలుపు రంగుతో కంటి కింద నీడ వేస్తే కాటుక చెదిరినట్టు ఉంటుంది. నిజంగా నిద్రలేని కంటి దగ్గర రంగు ముక్కువైపు మూలలో మొదలై కిందికి చంద్రవంకలా దిగి పలచబడుతుంది, అందులో ఊదా, గోధుమ ఉంటాయి.

జలుబు తేలిక, రెండు మాటల్లో చెప్పేయొచ్చు: ముక్కు రంధ్రాల అంచుల్లో ఎరుపు, పై పెదవి మీద రుమాలు రాసుకున్న చోట ఎరుపు, కనురెప్పల అంచుల్లో కొంచెం, పెదాలు పొడిగా. ముక్కు మొత్తం ఎర్రగా వేస్తే జోకర్ అవుతాడు.

కామెర్ల దగ్గరికి వస్తే ఈ పాలెట్ బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి. ఇందులో ఉన్న పసుపు నేరుగా వేస్తే పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఉంటుంది. కామెర్ల పసుపు అంత శుభ్రంగా ఉండదు, అందులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, కొంచెం మురికి ఉంటుంది. పసుపు, ఆలివ్, చిటికెడు గోధుమ కలిపి, స్పాంజితో కాకుండా గట్టి వెంట్రుకల బ్రష్‌ని కత్తిరించి దాంతో తుంపరలా చల్లితే బాగా వస్తుంది. క్రీమ్‌తో ఇలా చల్లడం కుదరదు, ఈ రంగులతో అయితే ఒక్కో చుక్క గాల్లోనే సగం ఆరి చర్మం మీద చిన్న మచ్చలా పడుతుంది. నాలుగైదు రంగుల చుక్కలు కలిసి దూరం నుంచి ఒకే ఛాయలా కనబడతాయి, దగ్గరగా చూస్తే చర్మంలా కనబడతాయి. ఈ ఒక్క పని కోసమైనా ఈ పాలెట్ కొనొచ్చు.

కానీ కామెర్లు ముందు తెలిసేది కళ్ళలో. రక్తంలో బిలిరుబిన్, అంటే కామెర్లలో పెరిగే పసుపు పదార్థం, డెసిలీటరుకి రెండున్నర, మూడు మిల్లీగ్రాములు దాటాక తెల్లగుడ్డు పచ్చబడటం కనిపిస్తుంది, చర్మం పసుపు తేలాలంటే సాధారణంగా ఇంకా పెరగాలి. అంటే ముఖమంతా పచ్చగా ఉండి కళ్ళు మల్లెపూవుల్లా ఉన్నాయంటే చూసేవాళ్ళ మనసు ఒప్పుకోదు, ఎందుకో వాళ్ళకి తెలియకపోయినా. ఏ పాలెట్టూ ఆ పని చేయలేదు. గుడ్డు మొత్తం కప్పే పెద్ద కాంటాక్ట్ లెన్సులున్నాయి, అవి కంటి డాక్టర్ కొలత చూసి ఇచ్చినవే వాడాలి, ఒకరివి ఒకరు పెట్టుకోకూడదు. లేదంటే ఎడిటింగ్‌లో రంగు మార్చాలి. అంత వీలు లేనప్పుడు నేను దర్శకుణ్ణి అడిగి నటుడు కళ్ళు సగం మూసి ఉండేలా సీను పెట్టించుకుంటాను, నీరసంలో అది సహజం కూడా. ఇంకో ముఖ్యమైన విషయం లైటు. పసుపు బల్బు వెలుగులో కామెర్లు దాదాపు మాయమైపోతాయి, ఆస్పత్రుల్లో కూడా కామెర్లని పగటి వెలుగులో చూడమనే చెప్తారు. కాబట్టి మేకప్ గదిలో అద్దం ముందు అద్భుతంగా ఉందని మురిసిపోకుండా, సెట్‌లో ఏ లైటు వేస్తున్నారో ఆ లైటు కింద, కెమెరా మానిటర్‌లో చూసుకున్నాకే సరే అనాలి.

దద్దుర్లు, పొక్కులు. ఇక్కడ చాలామంది ముఖం మీద ఎర్రచుక్కలు పెట్టేసి ‘ఆటలమ్మ’ అనేస్తారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఏ జబ్బు దద్దు దానికి ఒక నడక ఉంది. ఆటలమ్మలో అన్ని దశలూ ఒకేసారి కనిపిస్తాయి: ఒకచోట ఎర్రటి దద్దు, పక్కనే నీటిపొక్కు, ఇంకోచోట అప్పటికే పక్కు కట్టినది. ముఖం కంటే ఛాతీ, వీపు మీద ఎక్కువ. మశూచిలో దీనికి తిరగబడి ఉండేది, ఒకచోట ఉన్న పొక్కులన్నీ ఒకే దశలో, ముఖం మీదా చేతులూ కాళ్ళ మీదా దట్టంగా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది కాబట్టి అది పాత కాలం కథలకే పనికొస్తుంది, కానీ ఆ కథల్లో తప్పు చేస్తే చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, పట్టేసుకుంటారు. తట్టు అయితే జుట్టు మొదళ్ళ దగ్గర, చెవుల వెనక మొదలై కిందికి దిగుతుంది, మచ్చలు ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి.

వీటిలో రంగుల వరకు పాలెట్ అద్భుతం. ఎత్తు మాత్రం ఇవ్వలేదు. నీటిపొక్కు ఉబ్బెత్తుగా ఉండాలి, అందులో వెలుగు మెరవాలి. దానికి వేడి చేసిన జెలటిన్‌ని, చర్మం ఓర్చుకునేంత చల్లారాక, చుక్కలుగా పెట్టొచ్చు, చెమట పడితే అది ఊడుతుంది. అంతకంటే గట్టిది ప్రోస్-ఎయిడ్ లాంటి నీటి ఆధారిత యాక్రిలిక్ జిగురుని పొడి కలిపి చిక్కగా చేసి అచ్చులో పోసి తయారుచేసుకునే అతుకులు. క్రిస్టియన్ టిన్స్‌లీ అనే మేకప్ ఆర్టిస్టు వీటిని టాటూ స్టిక్కర్లలా కాగితం మీంచి చర్మానికి ఎక్కించే పద్ధతిగా అభివృద్ధి చేసి, దానికి ఆస్కార్ సాంకేతిక పురస్కారం అందుకున్నారు. నీటిపొక్కు అచ్చులు ఒక్కసారి చేసిపెట్టుకుంటే ప్రతి షూటింగ్ రోజూ అవే పొక్కులు అదే చోట పెట్టొచ్చు, కంటిన్యుటీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ అతుకుల మీద ఆల్కహాల్ రంగు చక్కగా పడుతుంది, అంచులు చర్మంలో కలిసిపోతాయి. పొక్కు చుట్టూ పలచటి మరూన్ వలయం వేసి, మధ్యలో ఏమీ వేయకుండా వదిలి, చివర్లో పైన ఒక మెరుపు పూత వేస్తే చాలు.

పొక్కుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రి గుర్తొస్తుంది. అక్కడ 19వ శతాబ్దంలో జూల్ బరెట్టా అనే ఆయన రోగుల ఒంటి నుంచి నేరుగా అచ్చులు తీసి మైనంతో చర్మవ్యాధుల నమూనాలు చేశాడు, వాటిని మూలాజ్ అంటారు. అంతకుముందు ఆయన కాగితపు గుజ్జుతో బొమ్మ పళ్ళు చేసుకునేవాడు, ఆ పనితనం చూసి ఒక డాక్టర్ ఆస్పత్రికి పిలిపించాడు. 1889లో తెరిచిన ఆ మ్యూజియంలో ఇప్పుడు వేలకొద్దీ నమూనాలున్నాయి. శిక్షణ కోసం గాయాలూ జబ్బులూ సృష్టించడాన్ని ఇప్పటికీ మూలాజ్ అనే అంటారు. ఆ నమూనాల ఫొటోలు దొరికితే తప్పకుండా చూడండి, ఒక్క దద్దులో ఎన్ని రంగులుంటాయో, అంచు ఎలా చర్మంలో కరిగిపోతుందో ఏ మేకప్ క్లాసూ అంత బాగా చెప్పదు.

చిక్కిపోవడం చూపించడానికి పాలెట్‌లోని ముదురు గోధుమ, నీలిబూడిద వాడమంటారు. గోధుమ సరే. నీలిబూడిద మాత్రం చామనఛాయ మీద శవం రంగు తెస్తుంది, ఊపిరాడక నీలబడిన పెదాలకి తప్ప ముఖం మీద నేను వాడను. నీడ పడాల్సిన చోట్లు: కణతలు, చెంప ఎముక కింద, కంటి గుంత పైభాగం, మెడ నరాల మధ్య, కంఠం ఎముకకి పైనా కిందా. నీడ వేసినచోటే ఆగకుండా పక్కనున్న ఎముక మీద కొంచెం వెలుగు కూడా వెయ్యాలి, అప్పుడే గుంత లోతు తెలుస్తుంది. ఖరీదైన సామాను లేకపోతే ఇదంతా కుదరదేమో అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్తాను. ఎయిడ్స్ రోగి కథ చెప్పిన డాలస్ బయ్యర్స్ క్లబ్ సినిమాకి మొత్తం మేకప్ బడ్జెట్ 250 డాలర్లు. రాబిన్ మాథ్యూస్, అడ్రుయితా లీ ఆ డబ్బుతోనే పనిచేసి 2014లో ఆస్కార్ తీసుకున్నారు. చర్మం మీద పొలుసులూ దద్దులూ కోసం మాథ్యూస్ మొక్కజొన్న నూక వాడారు. వంటింటి నూక ఆస్కార్ స్టేజీ దాకా వెళ్ళిందంటే అది ఆవిడ చూపుకి వచ్చిన గౌరవం.

ఇక ఇబ్బందులు. మొదటిది వాసన, మంట. 99 శాతం ఆల్కహాల్ అంటే మూసిన గదిలో తలనొప్పి ఖాయం, కిటికీలు తీసి పెట్టాలి, దగ్గర్లో దీపం, సిగరెట్, హీటర్ ఏదీ ఉండకూడదు, ఇది తేలిగ్గా అంటుకుంటుంది. కళ్ళ అంచుల దగ్గర ఈ రంగులు వాడొద్దు. రెప్పల మీద పనంతా క్రీమ్‌తోనో నీటి రంగుతోనో చేసుకుని, ఆల్కహాల్ రంగుని కంటి ఎముక దగ్గర ఆపేయాలి. గీసుకున్న చర్మం మీద, మొటిమలు పగిలినచోట, అప్పుడే షేవింగ్ చేసిన గడ్డం మీద భగ్గున మండుతుంది. పిల్లలకి నేను అసలు వాడను, వాళ్ళ చర్మం పలచన, కదలకుండా కూర్చోరు, మండితే ఇక ఆ రోజు షూటింగ్ అయినట్టే. ఎవరికైనా సరే ఒకరోజు ముందు మోచేతి మడతలో చిన్న మచ్చ పెట్టి చూడాలి.

రెండోది, ఇది క్షమించదు. క్రీమ్ అయితే వేలితో అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇది పెట్టిన చోటే పడుంటుంది, ఇంకా చెప్పాలంటే పై పొర వేస్తూ బ్రష్ రుద్దితే కింది పొర కరిగి లేచిపోతుంది. రుద్దకుండా అద్దాలి, చల్లాలి. కొత్తవాళ్ళు 70 శాతం ఆల్కహాల్‌తో మొదలుపెడితే ఆరడానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది కాబట్టి సర్దుకునే అవకాశం ఉంటుంది. పొడిబారిన చర్మం మీద ఇది ఇంకా ఎండగొడుతుంది, రోజూ షూటింగ్ ఉన్న నటుడికి రాత్రి మాయిశ్చరైజర్ తప్పనిసరి అని చెప్పి పంపాలి. బ్రష్ ప్రతిసారీ ఆల్కహాల్‌లోనే మునుగుతుంది కాబట్టి శుభ్రత విషయంలో మాత్రం మంచి మార్కులు వేస్తాను. అలాగని ఆల్కహాల్ ఉంది కదా అని ఒకే బ్రష్, ఒకే గిన్నె అందరికీ వాడేయడం తప్పు, మనిషికో గిన్నె పెట్టుకోవాలి.

ఈ డబ్బా కొన్నాక కూడా విడిగా కావాల్సినవి ఉన్నాయి, కంపెనీ వాళ్ళు ఆ మాట చెప్పరు. చెమటకి గ్లిజరిన్, నీళ్ళు కలిపి స్ప్రే సీసాలో పోసుకోవాలి. ఉత్త నీళ్ళు లైట్ల వేడికి ఆరిపోతాయి, గ్లిజరిన్ చుక్కలు టేక్ అయ్యేదాకా నిలబడతాయి, ఆరిన ఆల్కహాల్ రంగుని అది ఏమీ చేయదు. నుదుటి మీద, పై పెదవి మీద, మెడ గుంతలో చల్లాలి, ముఖమంతా కాదు. ఎండిన పెదాలకి పలచగా లిక్విడ్ లేటెక్స్, అంటే ద్రవంగా ఉండే రబ్బరు, రాసి ఆరాక అక్కడక్కడ గిల్లితే పొట్టు లేచినట్టు వస్తుంది, కాకపోతే లేటెక్స్ పడనివాళ్ళుంటారు, ముందే అడిగి తీరాలి. కళ్ళు ఎర్రబడి నీళ్ళు తిరగాలంటే మెంథాల్ కడ్డీ కంటి కింద చర్మానికి రాయాలి, కంట్లోకి పోనివ్వకూడదు. పళ్ళకి వేసే పచ్చరంగు పూతలు ఉన్నాయి, పన్ను గుడ్డతో తుడిచి ఆరబెట్టాకే నిలుస్తాయి. జుట్టు మర్చిపోవద్దు: ఎంత గొప్పగా ముఖం చేసినా నిన్న సెలూన్ నుంచి వచ్చినట్టున్న జుట్టు ఉంటే అంతా పాడవుతుంది, కొంచెం నూనె, దిండుకి ఆనిన చోట చదునుగా నొక్కేయడం, అంతే.

తీయడం దగ్గర తొందరపడకండి. సబ్బుకి పోదు. ఉత్త ఆల్కహాల్‌తో రుద్దితే పోతుంది కానీ చర్మం ఎర్రబడి మరుసటి రోజుకి నిజంగానే జబ్బు చేసినట్టు ఉంటుంది. ఐసోప్రొపైల్ మిరిస్టేట్ అనే నూనెలాంటి ద్రవం దొరుకుతుంది, దాన్ని దూదికి పట్టించి ఒక నిమిషం అలా ఆనించి ఉంచితే రంగు కరిగి దానంతటదే జారిపోతుంది, తర్వాత మెత్తటి క్లెన్సర్‌తో కడిగితే సరి. ఆలివ్, ఇటుక ఎరుపు మాత్రం గోళ్ళ చుట్టూ, చెవి మడతల్లో ఇరుక్కుంటాయి, అక్కడ చెవిలో పెట్టే దూదిపుల్ల వాడాలి.

కొనేవాళ్ళకి ఒక మాట. మీరు చేసేది కాలేజీ నాటకమో, ఒక్క రోజు ఫ్యాన్సీ డ్రెస్సో అయితే ఇది వద్దు, క్రీమ్ చక్రం, గ్లిజరిన్ సీసా చాలు. షార్ట్ ఫిల్ములు తరచుగా చేస్తుంటే, శిక్షణ పనులు ఒప్పుకుంటుంటే తీసుకోండి. తీసుకునేటప్పుడు బిళ్ళలు విడివిడిగా దొరికే పాలెట్ చూసుకోండి. ఛాయ తక్కువ ఉన్న నటులతో పని చేస్తే ఆలివ్, వంకాయ రంగు బిళ్ళలు అడుగంటేసరికి తెలుపు ఇంకా కొత్తగానే ఉంటుంది, ఆ రెండింటి కోసం మొత్తం డబ్బా మళ్ళీ కొనడం దండగ.